రిపోర్టులు నార్మల్.. నొప్పి మాత్రం నిజం!

నెలల తరబడి కడుపునొప్పి. స్కానింగ్‌లో ఏమీ లేదంటారు. గ్యాస్ మాత్రలు రాసి పంపేస్తారు. మరోవైపు క్యాంపస్ డ్రైవ్‌లు, నోటిఫికేషన్లు, ఇంటర్వ్యూలు మీ కోసం ఆగవు. కారణం తేలేదాకా అటు ఆసుపత్రినీ, ఇటు ఉద్యోగ ప్రయత్నాన్నీ కలిపి నడపడం ఎలా?

జ్వరమొస్తే థర్మామీటర్ చెబుతుంది. చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది. కడుపునొప్పికి మీ మాట తప్ప వేరే సాక్ష్యం ఉండదు. మొదటి వారం అందరూ ‘అయ్యో’ అంటారు. మూడో నెలకొచ్చేసరికి ‘పరీక్షలంటే భయంలే’, ‘హాస్టల్ తిండి అంతే’, ‘ఫోన్ పక్కన పెడితే అదే తగ్గుతుంది’ అని మొదలెడతారు. కొన్నాళ్లకు మీకే అనుమానం వస్తుంది.. ఇదంతా నేను ఊహించుకుంటున్నానా అని. ముందు ఆ అనుమానం తీసేయండి. కారణం దొరకని నొప్పి వేరు, లేని నొప్పి వేరు.

నార్మల్ అంటే ఏమిటి?

ఒక పరీక్ష నార్మల్ వచ్చిందంటే, ఆ పరీక్ష చూడగలిగినంత మేరకు తేడా కనిపించలేదని అర్థం. అంతే. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీ వాపు, అండాశయంలో తిత్తులు బాగా తెలుస్తాయి. జీర్ణాశయంలో పుండు ఉంటే దానిలో సాధారణంగా తెలియదు. దానికి ఎండోస్కోపీ కావాలి. ఎండోస్కోపీ అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం వరకే చూస్తుంది. పెద్దపేగు సంగతి తెలియాలంటే కొలనోస్కోపీ చేయాలి. కాబట్టి ‘అన్నీ నార్మల్’ అని ఎవరైనా అంటే, ఏయే పరీక్షలు చేశారు, వాటితో ఏయే జబ్బులు లేవని తేలింది అని అడగండి. చేతిలో ఉన్న నార్మల్ రిపోర్టు పనికిరాని కాగితం కాదు. వెతకాల్సిన చోటు కొంత తగ్గిందని చెప్పే కాగితం.

ఇంకో సంగతి. మన పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలు ఉంటాయి. మెదడుకూ వీటికీ మధ్య సమాచారం నిరంతరం వెళ్తూనే ఉంటుంది. కొందరిలో ఈ నాడులు అతిసున్నితంగా మారతాయి. మామూలుగా అయితే తెలియని గ్యాస్, పేగు కదలిక కూడా వాళ్లకు నొప్పిగా అందుతుంది. ఐబీఎస్ అని వినే ఉంటారు. పేగులో పుండు, గడ్డ, వాపు ఏదీ కనిపించకపోయినా నొప్పి, విరేచనాల్లో తేడా ఉండే సమస్య ఇది. లెక్కించే పద్ధతిని బట్టి నూటికి నాలుగు నుంచి పది మందిలో ఉంటుందని అంచనా. దీనికి నిర్ధారణ ప్రమాణాలూ ఉన్నాయి. 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం.. గత మూడు నెలలుగా సగటున వారానికి ఒక్కరోజైనా నొప్పి ఉండాలి. అది విరేచనంతో ముడిపడి ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం తీరు మారడం.. ఈ మూడింటిలో రెండైనా ఉండాలి. మొత్తం సమస్య మొదలై కనీసం ఆరు నెలలై ఉండాలి. అంటే ఐబీఎస్ ‘ఏమీ లేదు’కి మరోపేరు కాదు. అది కూడా ఒక నిర్ధారణే.

ఇవి ఉంటే ఆగొద్దు

డైరీలు, డైట్‌ల కంటే ముందు ఈ జాబితా చూసుకోండి. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మలంలో రక్తం, తారులా నల్లటి మలం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, వారాల తరబడి జ్వరం, ఆగని వాంతులు, మింగడం కష్టమవడం, కళ్లు పచ్చబడటం, రక్తహీనత, కడుపులో గడ్డ తగలడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ లేదా పేగువాపు జబ్బు ఉండటం.. వీటిలో ఒక్కటి ఉన్నా ‘సెమిస్టర్ అయ్యాక చూద్దాం’ అనొద్దు. ఆ వారంలోనే డాక్టర్‌ని కలవండి.

కొన్నింటికి ఆ వారం కూడా ఎక్కువే. హఠాత్తుగా భరించలేని నొప్పి, చెక్కలా గట్టిపడిన పొట్ట, రక్తపు వాంతి, బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగి జ్వరం, వాంతులతో పెరిగే నొప్పి (ఇది అపెండిసైటిస్ కావచ్చు), నెలసరి తప్పిన అమ్మాయికి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, అబ్బాయిల్లో వృషణం నొప్పితో కలిసి వచ్చే కడుపునొప్పి.. వీటికి 108కి ఫోన్ చేయడమే. మరునాడు ఇంటర్వ్యూ ఉన్నా సరే.

‘నొప్పి’ అంటే సరిపోదు

డాక్టర్ ముందు కూర్చోగానే చాలామంది ‘కడుపునొప్పి సార్’ అని ఆపేస్తారు. నిజానికి నొప్పిని చెప్పడానికి మన తెలుగులో బోలెడు మాటలున్నాయి. మెలిపెడుతోందా? మండుతోందా? పొడుస్తోందా? పీకుతోందా? సలుపుతోందా? పిండేసినట్టుందా? బరువుగా, ఉబ్బరంగా ఉందా? ఇవన్నీ ఒకటి కాదు. ఒక్కో మాట ఒక్కో దారి చూపిస్తుంది.

కుడివైపు పక్కటెముకల కింద, నూనె ఎక్కువున్న భోజనం తర్వాత పట్టేస్తే డాక్టర్ పిత్తాశయం గురించి ఆలోచిస్తారు. నడుము పక్క నుంచి గజ్జల్లోకి అలలు అలలుగా దిగితే మూత్రనాళంలో రాయి గుర్తొస్తుంది. పై కడుపులో మంట అయితే పుండు, ఆమ్లం. దీని వెనక హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దానికీ అల్సర్‌కీ ఉన్న సంబంధాన్ని వైద్యలోకం మొదట్లో నమ్మలేదు. ఆ సంబంధాన్ని చూపించిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. పాలు తాగిన కొన్ని గంటలకు ఉబ్బరం, విరేచనాలు అయితే లాక్టోజ్ పడకపోవడం కావచ్చు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం తోడైతే మన దేశంలో పేగు టీబీని తప్పక ఆలోచించాలి. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకోవడం పొరపాటు.

వేలితో చూపించగలిగేంత ఒకేచోట నొప్పి ఉంటే ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. మిమ్మల్ని పడుకోబెట్టి, తల కొంచెం పైకెత్తమని, అక్కడే నొక్కి చూస్తారు. అప్పుడు నొప్పి పెరిగితే సమస్య పేగుల్లో కాక పొట్ట గోడలోని కండరంలోనో, నాడిలోనో ఉండొచ్చు. ఇది స్కానింగ్‌లో దొరక్కపోవచ్చు, చేతి పరీక్షలో దొరుకుతుంది.

మీ కడుపుకీ ఒక రెజ్యుమె

ఉద్యోగానికి ఒక పేజీ రెజ్యుమె ఎందుకు రాస్తారు? అవతలి మనిషికి టైమ్ తక్కువ కాబట్టి. రద్దీగా ఉండే ఓపీలో డాక్టర్‌దీ అదే పరిస్థితి. అందుకే ఒక పేజీ తయారు చేసుకోండి. అందులో ఇవి ఉండాలి.

* నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎలాంటిది, ఎంతసేపు ఉంటుంది
* ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది: భోజనం, విరేచనం, నెలసరి, నిద్ర, ప్రయాణం
* బరువు: ఆరు నెలల కిందట ఎంత, ఇప్పుడెంత
* ఇప్పటిదాకా వాడిన మందులు, వాటితో వచ్చిన మార్పు. ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్లు, ఆకు పసర్లు, ప్రొటీన్ పౌడర్లు కూడా దాచకుండా రాయండి
* చేయించుకున్న పరీక్షలు, తేదీలు, ఫలితాలు

దీనికి జతగా రెండు, మూడు వారాలు చిన్న డైరీ పెట్టండి. రోజుకు నాలుగు లైన్లు చాలు: తిన్నది, నొప్పికి పదికి ఎన్ని మార్కులు, విరేచనం ఎలా ఉంది, నిద్ర ఎన్ని గంటలు. విరేచనం గురించి రాయడానికి సిగ్గుపడితే బ్రిస్టల్ చార్ట్ వాడండి. అందులో మలాన్ని ఏడు రకాలుగా విడగొట్టారు. ఒకటో నంబర్ అంటే గట్టి ఉండలు, ఏడు అంటే నీళ్లు. ‘ఈ వారం ఎక్కువగా ఆరు’ అంటే డాక్టర్‌కి అర్థమైపోతుంది. మూడు వారాల తర్వాత డైరీ ఆపేయండి. రోజంతా కడుపునే గమనిస్తూ కూర్చుంటే నొప్పి మీద ధ్యాస మరింత పెరుగుతుంది.

రిపోర్టులన్నీ ఫొటో తీసి ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో తేదీల వారీగా పెట్టుకోండి. 14 అంకెల ఆభా నంబర్ తీసుకుంటే ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా ఒకచోట పెట్టుకునే వీలుంటుంది. ఊళ్లో ఒకసారి, హైదరాబాద్‌లో ఒకసారి అవే రక్తపరీక్షలు మళ్లీ చేయించుకునే ఖర్చు తప్పుతుంది.

డాక్టర్‌ని ఏం అడగాలి?

నెలకో డాక్టర్‌ని మారిస్తే ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ఒక జనరల్ ఫిజీషియన్‌ని పట్టుకుని, ఆయన పంపితే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరకు వెళ్లడం మంచి పద్ధతి. ఈ మూడు ప్రశ్నలు మర్చిపోకండి. ‘మీరు ఏం అనుమానిస్తున్నారు?’ ‘ఈ పరీక్షతో ఏం తేలుతుంది?’ ‘ఈ మందు ఎన్నాళ్లకు పనిచేయాలి, చేయకపోతే తర్వాత ఏమిటి?’ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. తర్వాతి అడుగు తెలియకే చాలామంది ఆ చీటీతో ఇంటికెళ్లి, మందు పనిచేయక, ఇంకో చోటికి పరిగెత్తుతారు.

సాధారణంగా రక్తపరీక్ష (సీబీపీ), సీఆర్‌పీ, కాలేయ పరీక్షలు, మూత్ర, మల పరీక్షలు, అల్ట్రాసౌండ్‌తో మొదలవుతుంది. పేగుల్లో వాపు ఉందా లేదా అన్నది మలంలో చేసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష సూచిస్తుంది. దానివల్ల కొందరికి కొలనోస్కోపీ అవసరం తప్పుతుంది. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది కాబట్టి మీ అంతట మీరు అడిగి తీయించుకునేది కాదు.

పరీక్షలకు ముందు సొంత ప్రయోగాలు వద్దు. గోధుమలు పడట్లేదేమో అని మానేశాక సీలియాక్ పరీక్ష చేయించుకుంటే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. పైలోరీకి చేసే శ్వాస, మల పరీక్షలకు ముందు పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపాల్సి ఉంటుంది. ఎప్పుడు, ఎలా ఆపాలో డాక్టర్‌ని అడిగే ఆపండి.

ఇంకో మాట. కొన్నిసార్లు డాక్టర్ అమిట్రిప్టిలిన్ అనే మందు తక్కువ మోతాదులో రాస్తారు. మెడికల్ షాపు అబ్బాయి ‘ఇది డిప్రెషన్‌ది’ అంటాడు. మీకు కోపం వస్తుంది. ఆగండి. పేగు నాడుల సున్నితత్వాన్ని తగ్గించడానికి ఆ మందును చాలా తక్కువ మోతాదులో వాడతారు. 2023లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో 463 మంది ఐబీఎస్ బాధితులపై పరిశీలిస్తే, ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగ్గా పనిచేసింది. డాక్టర్ మిమ్మల్ని నమ్మకపోవడం వల్ల రాసింది కాదు.

అమ్మాయిలూ.. ఇది మీకు

‘నెలసరి అంటే నొప్పి ఉంటుందిలే, అందరం పడ్డాం’ అని అమ్మ, అమ్మమ్మ అంటారు. కానీ ప్రతి నెలా క్లాసు మానేసేంత నొప్పి, నెలసరి సమయంలో విరేచనానికి వెళ్తే నొప్పి, నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపులో పోటు.. ఇవి మామూలు కాదు. ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడమే ఈ సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న మహిళల్లో సుమారు పది శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఇది ఉంది. మామూలు స్కానింగ్‌లో కనిపించకపోవడం వల్ల తేలడానికి ఏళ్లు పడుతోంది. మీ డైరీలో నెలసరి తేదీలు గుర్తు పెట్టుకుని గైనకాలజిస్టుకి చూపించండి. పెళ్లి కాని అమ్మాయి గైనకాలజిస్టు దగ్గరకు వెళ్తే ఏమనుకుంటారో అన్న భయంతో ఏళ్లు పోగొట్టుకోకండి.

ఈలోపు ఏం చేయాలి, ఏం వద్దు

ముందు వద్దనేవి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్రలు తరచూ వేసుకుంటే జీర్ణాశయం పొర దెబ్బతిని అల్సర్ రావచ్చు. అంటే కడుపునొప్పికి వేసుకున్న మాత్రే కొత్త కడుపునొప్పి తెస్తుంది. ‘బొడ్డు జరిగింది’, ‘పేగు మడత పడింది’ అంటూ పొట్ట మీద గట్టిగా తోమించడం, వాతలు పెట్టించడం ప్రమాదం. లోపల అపెండిక్స్ వాచి ఉంటే పరిస్థితి చేయి దాటిపోతుంది.

చేయదగ్గవి.. వేళకు తినడం, ఒకేసారి పొట్ట పగిలేలా తినకుండా కొంచెం కొంచెంగా తినడం, టీ, కాఫీ, కూల్‌డ్రింకులు తగ్గించడం, రోజూ అరగంట నడక, ఏడెనిమిది గంటల నిద్ర. మలబద్ధకం ఉన్న ఐబీఎస్‌కి ఇసబ్‌గోల్ తగినన్ని నీళ్లతో తీసుకుంటే చాలామందికి మేలు చేస్తుంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ డైట్ గురించి రీల్స్‌లో చూసి ఉంటారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలు, కొన్ని పప్పులు, యాపిల్, పాలు లాంటివి కొద్ది వారాలు తగ్గించి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ చేర్చి ఏది పడట్లేదో పట్టుకునే పద్ధతి అది. జీవితాంతం మానేసేది కాదు. డైటీషియన్ సాయం లేకుండా హాస్టల్ మెస్‌లో చేయబోతే చివరికి తెల్లన్నం, మజ్జిగతో మిగిలిపోతారు. ఆ మజ్జిగలోనూ లాక్టోజ్ ఉంటుంది!

పరీక్ష రోజు, ఇంటర్వ్యూ రోజు

ఆ రోజు కొత్త తిండి, కొత్త మందు రెండూ వద్దు. గతంలో మీకు పడినదే తినండి, అదీ రెండు, మూడు గంటల ముందు. గ్రూప్స్ ప్రిలిమ్స్ పేపర్ రెండున్నర గంటల వరకు ఉండొచ్చు. లోపలికి పంపే సమయం కలిపితే నాలుగు గంటలు పట్టొచ్చు. కాబట్టి మాక్ టెస్టులు కూడా అదే వేళకు, అదే తిండి తిని రాయండి. ఒక మాక్‌లో పది నిమిషాలు పోయినట్టు లెక్కేసుకుని రాసి చూడండి. నిజం పరీక్షలో టాయిలెట్‌కి వెళ్లాల్సొస్తే కంగారు ఉండదు. సెంటర్ దూరమైతే ముందురోజే చేరుకోండి. పొద్దున్నే బస్సులో మూడు గంటల కుదుపులు ఎవరి కడుపుకీ మంచిది కాదు.

ఇంటర్వ్యూలో మీ కడుపు గురించి చెప్పాల్సిన అవసరం సాధారణంగా లేదు. కానీ సంతకం పెట్టే హెల్త్ డిక్లరేషన్‌లో అడిగితే అబద్ధం రాయొద్దు. తర్వాత అదే మీ మెడకు చుట్టుకుంటుంది. గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే రెండు ముక్కల్లో చెప్పండి: ‘ఆరోగ్య సమస్యకు కొన్ని నెలలు చికిత్స తీసుకున్నాను. ఆ సమయంలో ఫలానా కోర్సు పూర్తి చేశాను. ఇప్పుడు పని చేయగలను.’ చెప్పిన మూడూ నిజమై ఉండాలి. అందుకే ఆరోగ్యం బాగోని నెలల్లోనూ రోజుకు గంట చదివేలా చిన్న లక్ష్యం పెట్టుకోండి. బాగున్న రోజు పది గంటలు చదివి, మర్నాడు పడిపోయే పద్ధతి పనికిరాదు.

క్లాసులు పోతుంటే అటెండెన్స్ గడువు ముగిశాక కాకుండా ముందే విభాగాధిపతికి రాసి ఇవ్వండి. చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో 75 శాతం హాజరు నిబంధన ఉన్నా, 65 శాతం దాటినవారికి సరైన కారణం చూపిస్తే మినహాయింపు ఇచ్చే వీలుంటుంది. మెడికల్ సర్టిఫికెట్లు తేదీలతో సహా దాచుకోండి.

డబ్బు సంగతి

కారణం వెతకడంలో ఖర్చంతా ఓపీలోనే అవుతుంది. ఆరోగ్య బీమాలు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే వర్తిస్తాయి. కాబట్టి పరీక్షల కోసం ప్రభుత్వ బోధనాసుపత్రులను చూడండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్, మంగళగిరి, బీబీనగర్‌లలో ఎయిమ్స్ ఉన్నాయి. పేగు టీబీ అని తేలితే మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పోషకాహారానికి నెలకు రూ.1000 సాయం కూడా ఉంది.

ఉద్యోగ ఆఫర్లు చూసేటప్పుడు ప్యాకేజీతోపాటు గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటిరోజు నుంచే కవరేజీ ఉందా అని అడగండి. చాలా కంపెనీల్లో ఉంటుంది. సొంతంగా తీసుకునే పాలసీలో దీనికి గరిష్ఠంగా మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండొచ్చు. నైట్ షిఫ్టులు మీ నిద్రనీ, కడుపునీ ఎలా చేస్తాయో కూడా ఆలోచించుకోండి.

ఒంటరిగా మోయొద్దు

ఇంట్లో చెప్పేటప్పుడు ‘బాలేదు నాన్నా’ అని ఆపకుండా, డైరీ చూపించి ‘ఈ నెలలో ఇన్ని రోజులు ఇలా ఉంది, ఫలానా పరీక్ష చేయించాలన్నారు’ అని చెప్పండి. కనిపించని నొప్పికి అంకెలు తోడైతే పెద్దవాళ్లు కూడా వింటారు. రూమ్‌మేట్ ఒక్కరికైనా మీ సంగతి, దగ్గర్లోని ఆసుపత్రి, ఇంటి నంబర్ తెలిసి ఉండాలి.

నెలల తరబడి నొప్పి ఉంటే మనసు కుంగడం సహజం. కుంగితే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. దీన్ని తెంపడానికి కౌన్సెలింగ్ సాయపడుతుంది. బతకాలని లేదనిపించినా, చదువు మీద ఆశ పోయినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కొందరికి రెండో పరీక్షలోనే కారణం దొరుకుతుంది. కొందరికి ఏడాది పడుతుంది. ఇంకొందరికి పేరు దొరక్కముందే నొప్పి అదుపులోకి వస్తుంది. మీరు ఏ వరుసలో ఉన్నారో ఇప్పుడే తెలియదు. ఈ ఆదివారం ఒక గంట తీసుకుని ఆ ఒక పేజీ రాయండి. సోమవారం ఓపీకి దాన్ని తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు ‘తర్వాత ఏమిటి?’ అన్న ప్రశ్నకు జవాబు తెచ్చుకోండి.